పెద్ద టీచరమ్మకి జ్వరం

విగ్రహాలకి అచ్చులు పోసే షెడ్డు వెనక గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా పనిచేస్తే, వెనకాల ఎవరో నిలబడి తప్పులు వెతుకుతున్నట్టు ఉంటుందట. పైగా ఇప్పుడు ఆ గది మూల నిలబడ్డది ఎవరనుకున్నారు... పెద్ద టీచరమ్మ!

అంటే ఆవిడ రాతి విగ్రహం. మనిషి పోయి ఇరవై ఏళ్ళు. బడి ముందు వానలకు నాని నాని ముక్కు ఊడిపోతే, నకలు తీయడానికి తెచ్చారు.

షెడ్డులో స్కానరు పని చూసే స్కానర్‌బాబుకి ఆ మూలకి చూడాలంటేనే వణుకు. నలభై దాటి, బట్టతల వచ్చినా సరే. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదివాడు మరి. తప్పు కనబడిందా... పలక మీద నీలం సుద్దతో సున్నా, చెవికో మెలిక!

పని ఇలా సాగింది. స్కానరు విగ్రహం మీద వెలుగు విసిరి ఎత్తుపల్లాలన్నీ కొలిచింది. కంప్యూటర్లో ముక్కు అతికించాక, ప్రింటరు పొర మీద పొర పేర్చి ప్లాస్టిక్ బొమ్మ చేసింది. ఆ బొమ్మకి రబ్బరు పూసి అచ్చు తీశారు. ఇక అందులో ప్లాస్టర్ పోయడమే. అర్థమైంది కదా?

ఆ రాత్రి అచ్చు చుట్టూ బిగించి కట్లు కట్టి, ప్లాస్టర్ పోసింది అతని పిన్ని. షెడ్డు ఆవిడదే. అన్నం తినడానికి ఇంటికి వెళుతూ హెచ్చరించింది.

"నేనొచ్చేదాకా కట్లు విప్పకు. తొందరపడ్డావో, ముక్కు మళ్ళీ ఊడుతుంది. పొద్దున్నే విగ్రహం కోసం బడి పిల్లలంతా వచ్చేస్తారు, ఇంకోటి పోసే టైం లేదు."

పిన్ని వెళ్ళింది. గదిలో స్కానర్‌బాబు, మూల టీచరమ్మ... అంతే!

గట్టిపడిందేమోనని, ప్లాస్టర్ పోసిన కన్నంలో వేలు పెట్టాడు —

వెచ్చగా ఉంది.

కాసేపాగి మళ్ళీ పెట్టాడు. కాలిపోతోంది! అచ్చం జ్వరమొచ్చిన మనిషిలా...

"టీచర్... లోపల ఉన్నారా?" గుసగుసగా అడిగాడు.

ఊపిరాడక పలకలేకపోతున్నారేమో! గబగబా ఒక కట్టు విప్పేశాడు. రెండో ముడి మీద చెయ్యి వేశాడో లేదో —

చెవి!

ఎవరో పట్టుకున్నారు... మెలిపెట్టారు...

"తప్పయిపోయింది టీచర్!" అని కేకపెట్టి బల్ల కింద దూరాడు.

పిన్ని వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. వేడి సంగతి విని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓరి పిరికి సన్నాసీ! నీళ్ళు కలిపిన ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందిరా. ఎంతసేపూ కంప్యూటర్ ముందు కూర్చుంటే నీకేం తెలుస్తుంది!"

చల్లారాక మిగతా కట్లు తనే విప్పింది. ముక్కు చెక్కుచెదరలేదు.

"అప్పుడే విప్పేసి ఉంటే ముక్కచెక్కలయ్యేది. పోనీలే, బుద్ధి పుట్టి ఆగావు."

"నేనెక్కడ ఆగాను పిన్నీ? నువ్వేగా చెవి మెలిపెట్టింది!"

"నేనా? నేను ఇంట్లో అన్నం తింటున్నాను కదరా..."

పిన్ని అతని తల దీపం వైపు తిప్పింది. షెడ్డులో ఎక్కడ చూసినా తెల్లపొడే. చెవి మీద రెండు వేళ్ళ గుర్తులు మాత్రం... నీలం.

ఇద్దరూ మెల్లగా మూలకి తిరిగారు. చేతులు కట్టుకుని, ఒక్క గొంతుతో రాగం తీశారు —

"గు...డ్ నై...ట్ టీ...చర్!"