కొనని స్పీకరు

శృంగవరపుకోటలో కిరాణా దుకాణం నడిపే నగరేశ్వరరావు ఏ వస్తువునూ తొందరపడి కొనే మనిషి కాడు. 2016 ఆషాఢంలో ఒకనాడు విజయనగరం వెళ్ళి, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో పూటంతా కూర్చుని హోం థియేటర్ రిసీవర్లను, అంటే స్పీకర్లను నడిపే పెట్టెలను, ఒక్కొక్కటిగా పరిశీలించాడు.

అదంతా భార్య హైమ కోసం. అంతకు ముందటేడు విషజ్వరం వచ్చి ఆమెకు కుడిచెవి పూర్తిగా పోయింది. సినిమా హాల్లో ఆ పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే తెలియదు. పలకకపోతే నవ్వుతారని బెరుకు. సినిమా అంటే ప్రాణం పెట్టే మనిషి గడప దాటడమే మానేసింది. "హాలునే ఇంటికి తెస్తాను" అని ఆయన మాట ఇచ్చాడు.

"ఏడు స్పీకర్లది మీ గదికి దండగండి. ఐదుది సాలు" అన్నాడు దుకాణదారు దేవేంద్ర. "దీంతో కంపెనీవోడే చిన్న మైకు ఇస్తాడు. అమ్మగారు కూర్చునే కుర్చీకి, చెవి ఎత్తులో కట్టండి. ఏ స్పీకరు ఎంత దూరంలో ఉన్నాదో అదే కొలుసుకుంటాది."

"మరి అడుగున ఉన్న ఆ పెట్టె?"

"అది ఒకాయన వాడి తిరిగిచ్చేశాడండి. సగం ధరకే ఇస్తాను."

"ఏటి లోపం?"

"ఏటీ లేదు. స్పీకర్లు ఒకటి ఎక్కువ సూపిస్తన్నాదని ఆయన అనుమానం."

"ఎక్కువ సూపిస్తే నష్టమేటయ్యా? తక్కువైతేనే కదా కొట్లాట!"

ఇద్దరూ నవ్వుకున్నారు. బేరం కుదిరింది. స్పీకర్లు మాత్రం నాలుగే చాలన్నాడు నగరేశ్వరరావు.

"కుడి వెనకది వద్దు. మా ఆవిడకి ఆ సెవి లేదు. వినపడని దానికి డబ్బెందుకు?"

ఈసారి దేవేంద్ర నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం కట్టేసి ఇంటికి వచ్చాడు. బయట ముసురు పట్టి ఉంది. వెనకటి రోజుల్లో చింతపండు, ఎండుమిరప బస్తాలు దాచిన లోపలి గదినే సినిమా గదిగా మార్చాడు. కిటికీలకు మందపాటి తెరలు కట్టినా, గోడల్లో ఇంకిన ఆ పులిసిన ఘాటు మాత్రం పోలేదు. హైమ కుర్చీని గది నడుమ వేసి, తల ఆనే చోట మైకు కట్టాడు. కొలతకు నిశ్శబ్దం కావాలి. ఫ్యాను ఆపి, తలుపు వేసి, మీట నొక్కాడు.

ముందు ఎడమనుంచి ఇసుక జారినట్టు 'స్‌స్‌స్' అని శబ్దం వచ్చింది. తరవాత నడుమనుంచి. తరవాత ముందు కుడినుంచి.

వంతు కుడి వెనకకు వచ్చింది. అక్కడ ఉన్నది ఖాళీ మూల. శబ్దం రాకూడదు.

వచ్చింది... కొంచెం మెల్లగా. కొంచెం తడిగా.

టీవీ తెర మీద కొలతలు పడ్డాయి. కుడి వెనక: తొమ్మిది అడుగులు.

పెట్టె వెనక తడిమి చూశాడు. ఆ స్పీకరుకు తీగ బిగించే చోటు ఖాళీగా ఉంది. టేపు తెచ్చి కుర్చీనుంచి మూల వరకూ కొలిచాడు. సరిగ్గా తొమ్మిది అడుగులు.

లెక్క తప్పితే మళ్ళీ చూసుకోవడం ఆయన అలవాటు. మళ్ళీ నొక్కాడు.

ఈసారి కుడి వెనక: ఐదు అడుగులు.

కుర్చీకి ఐదు అడుగుల దూరంలో గచ్చు తప్ప ఏమీ లేదు. చింతపండు వాసన మాత్రం అక్కడ చిక్కగా ఉంది.

ఇక చాలనుకున్నాడు. ప్లగ్గు పీకేయడానికి టీవీ బల్ల వెనక్కి వంగాడు. అప్పుడే తలుపు కిర్రుమంది. వెలుగు చారగా లోపలికి పడింది.

"అయిపోయిందేటండీ?" అంటూ హైమ వచ్చి, మైకును పక్కకు నెట్టి, తన కుర్చీలో కూర్చుంది.

"లే..." అన్నాడు. "హైమా... లే..."

ఆయన మీట నొక్కలేదు. అయినా కొలత మొదలైంది. ఎడమ... నడుమ... కుడి... కుడి వెనక.

తెర మీద అంకె మారింది. ఒక అడుగు.

ప్లగ్గు పీకేశాడు. తెర ఆరింది. పెట్టె మీది నీలిదీపం ఆరింది.

శబ్దం ఆగలేదు.

హైమ ముఖం విప్పారింది. ఏడాది తరవాత ఆమె అలా నవ్వడం చూశాడు.

"కుడిపక్కది కూడా కొన్నారా? నాకు సెప్పలేదేటండీ! ఎంత బాగా ఇనిపిస్తన్నాదో..."

"అది నేను కొనలేదు హైమా..."

ఆమె ఆయన మాట వినలేదు. పోయిన చెవిని మెల్లగా పక్కకు వంచింది. ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు తల ఊపింది.

"ఆఁ... నేనేనండి" అంది అటువైపు, వినయంగా. "ఎక్కడికండీ?"

నగరేశ్వరరావు చేతిలో ప్లగ్గు తీగ అలాగే ఉంది. తలుపు సందులోనుంచి పడిన వెలుగులో, ఆమె కుడిచెవి మీది ముంగురులు కదులుతున్నాయి. ఒకసారి లోపలికి... ఒకసారి బయటికి...

ఫ్యాను ఆపి అరగంట దాటింది.