తల ఎత్తిన లైట్లు

సాయంత్రం అతన్ని కొత్త లైబ్రరీ మెట్ల దగ్గరికి పిలిపించి, ఆమె రిపోర్టు కాగితాన్ని అతని ముఖం ముందు ఆడించింది. బయటి లైట్లు చూసి, బిల్డింగ్ పర్యావరణానికి చేటు చెయ్యదని చెప్పే గ్రీన్ సర్టిఫికెట్ ఇవ్వాలో వద్దో తేల్చే ఇన్‌స్పెక్టరు అతను. మూడు నెలలుగా ఆమెకి కొరకరాని కొయ్య. అతన్ని ‘చీకటిరావు’ అని తన ఆఫీసంతా పిలుస్తోందంటే ఆ పుణ్యం ఆమెదే.

“గోడ లైట్ల వెలుగు ఆకాశంలోకి పోతోందని రాశారు. నా డ్రాయింగులో లైట్లన్నీ కిందికే చూస్తాయి. అసలు చూశారా?”

“చూశాను. డ్రాయింగులో తప్పు లేదు. బిగించడంలో ఉంది. అన్నీ పైకి వంచి ఉన్నాయి.”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బిగించింది స్వయానా వాళ్ళ నాన్న. ముప్పై ఏళ్ళుగా కరెంటు పని చేస్తున్న మనిషి, ఆయన పనికి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. పైగా ఇది ఆమె సొంతంగా చేసిన మొదటి డిజైను. సర్టిఫికెట్ రాకపోతే రెండోది ఇవ్వనని మేనేజరు మొన్ననే చెప్పేశాడు.

మా నాన్నని అంటే ఊరుకోనని చెప్పి, చరచరా వెనక వైపుకి వెళ్ళి ఆయన్నే లాక్కొచ్చింది. నాన్న తల గోక్కున్నాడు. లైట్లు కిందికే చూస్తే గోడ పైభాగం కనపడట్లేదట. అందుకని కొంచెం తల ఎత్తాడట, అంతే.

“నీ మొదటి బిల్డింగ్ కదమ్మా. రోడ్డు మీద పోయేవాళ్ళు చూడాలి కదా.”

ఆమె ఇద్దరి మీదా కలిపి అరిచింది. అతను ఎదురింటి మేడ చూపించాడు. పడకగది కిటికీకి దుప్పటి కట్టి ఉంది. ఆ వెలుగుకి వాళ్ళకి నిద్ర లేదట. లైట్లు కిందికి వంచడానికి నాన్న నిచ్చెన తెచ్చి ఎక్కాడు.

“రేపు వచ్చి మళ్ళీ కొలవండి,” అంది ఆమె, కోపం దిగమింగి.

“నేను రాను. ఇంకొకరు వస్తారు. మీ ఆఫీసు ఫైళ్ళన్నీ వేరేవాళ్ళకి ఇమ్మని నిన్న రిపోర్టుతో పాటే రాసిచ్చాను.”

దిగమింగిన కోపం అంతా మళ్ళీ పైకొచ్చింది. “నా మొహం చూడ్డం అంత కష్టంగా ఉందా?”

“మీ పనికి మార్కులు వేసే కుర్చీలో కూర్చుని, మీరంటే ఇష్టమని ఎలా చెప్పను?”

ఆమె నోట ముందు తిట్టే వచ్చింది. ఇష్టం ఉన్నవాడు మూడు నెలలు ప్రతి లైటుకీ తగువు పెట్టుకుంటాడా అని నిలదీసింది. తగువూ నిజమే, ఇష్టమూ నిజమే అన్నాడు అతను. మీకు అభ్యంతరం లేకపోతే మీ నాన్నగారితో మాట్లాడతానన్నాడు.

“మాట్లాడు బాబూ, వింటూనే ఉన్నాను,” అన్నాడు నాన్న పైనుంచి. “ముందు ఈ నిచ్చెన పట్టుకో, ఊగుతోంది.”

అతను పరుగున వెళ్ళి పట్టుకున్నాడు. ఆమె కోపం ఇంకా తగ్గలేదు. అయినా వెళ్ళి రెండో వైపు పట్టుకుంది.