పారబోసిన పాత ద్రవం

ఉప్సాలా ల్యాబు వెనక గదిలో సోల్వెయ్ సంచిని ఏజెంట్ అల్వార్ ఎక్వాల్ సర్దుతున్నాడు. ఉన్ని స్వెటర్, ఫిన్లాండ్‌లోని తుర్కూకి ఓడ టికెట్టు, మైక్రోఫోన్ దాచిన లిప్‌స్టిక్. అన్నిటికీ అడుగున, వెచ్చగా ఉంచే పెట్టెలో, చిన్న గాజు ఫ్లాస్కు.

అందులో ఎముక మూలుగ నుంచి తీసిన ఆధార కణాలు అడుగున పరుచుకుని ఉన్నాయి. అవి ద్రవంలోకి వదిలే రసాయన సంకేతాలు అందితేనే పైనున్న మూలకణాలు రక్తకణాలవుతాయి. ఆ ఫ్లాస్కు కోసం ల్యాబు టెక్నీషియన్ సోల్వెయ్‌కి ఒక విదేశీ ముఠా వల వేసింది. ఆమె ఎక్వాల్ మనిషని వాళ్ళకు తెలియదు.

"నకిలీది పంపితే పోదా?" అంది సోల్వెయ్.

"ముఠా నాయకుడు ఒక ఫార్మసిస్టు, మైక్రోస్కోపు తెచ్చుకుంటాడు. అసలుదే కావాలి. తుర్కూ రేవులో పోలీసులుంటారు."

"నా బొచ్చుకోటు పెట్టావా?"

"టెక్నీషియన్‌కి బొచ్చుకోటా?"

"దేశద్రోహం చేసేదానికి ఆ మాత్రం సోకు ఉండాలి, అల్వార్."

నవ్వుతూ బట్టలు మార్చుకోవడానికి వెళ్ళింది. ఫ్లాస్కులో ద్రవం పసుపు రంగుకు తిరిగింది. పాడైందనుకున్నాడు ఎక్వాల్. చేతులు శుభ్రంగా కడుక్కుని, మొత్తం పారబోసి, ఎర్రటి కొత్త ద్రవం నింపాడు. మేలు చేశాననే అనుకున్నాడు. ఆమెకు చెప్పలేదు.

మధ్యాహ్నం ఓడ క్యాంటీన్‌లో వెయిటర్ వేషంలో కప్పులు తుడుస్తున్నాడు. చెవిలో రిసీవర్. క్యాబిన్‌లోంచి ఫార్మసిస్టు గొంతు వినిపించింది.

"ఇంత ఎర్రగా ఉందేంటి?"

"నిన్న మార్చాను," అంది సోల్వెయ్.

"మొత్తమా? మీ ల్యాబులో వారానికోసారి సగమే తీస్తారు. సంకేతాలు పాత సగంలో ఉంటాయని మొదటి రోజు చేరినవాళ్ళకీ తెలుసు. ఇది ల్యాబు మనిషి పని కాదు. ఎవరు సర్దారమ్మాయ్ ఈ సంచి?"

"నేనే. ఆకలేస్తోంది. దాల్చినచెక్క బన్ను దొరుకుతుందా?"

ఆ బన్ను మాటే వాళ్ళిద్దరూ ముందే అనుకున్న ప్రమాద సంకేతం. ఎక్వాల్ ట్రే వదిలేసి పరుగెత్తాడు.

ఓడ పక్క తలుపు తెరిచి ఉంది. కింద మోటారు బోటు. ఇద్దరు మనుషులు సోల్వెయ్‌ని అప్పటికే అందులోకి దించేశారు. ఫ్లాస్కుతో ఫార్మసిస్టు తాడు నిచ్చెన మీద ఒక కాలు వేశాడు. దూకితే బోటు అందుతుంది ఎక్వాల్‌కి. ఆర్డరు మాత్రం ఒకటే: ఫ్లాస్కు చేజారకూడదు. అతను ఫార్మసిస్టు కాలరు పట్టుకుని లోపలికి లాగాడు. బోటు కదిలిపోయింది. సోల్వెయ్ అతన్నే చూస్తూ ఉంది. చెయ్యి ఊపలేదు.

రెండు రోజుల తర్వాత ఉప్సాలా ల్యాబులో, దాన్ని నడిపే ప్రొఫెసర్ ఇంగెయెర్డ్ మైక్రోస్కోపులోంచి తల ఎత్తింది.

"నన్ను ఒక్క మాట అడగాల్సింది, అల్వార్."

"పాడైందనుకున్నా."

"ఆధార కణాలు బాగానే ఉన్నాయి. మళ్ళీ సంకేతాలు వదులుతాయి. ఇవి కోలుకుంటాయిలే."

ఆమె కాఫీ పోసి ఇచ్చింది. అతను తాగలేదు.

ఫార్మసిస్టు జైల్లో నోరు విప్పలేదు. బోటు దొరకలేదు. సోల్వెయ్ బ్రాట్ తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది 1982 అక్టోబరు 14, గురువారం.