పద్నాలుగు కిలోల వాలుగ

"చేపల పులుసంటే నీకిష్టమేనా?" అన్నాడు చీఫ్ వరప్రసాదం.

"పెట్టేవాళ్లుండాలి గాని, సార్!"

"ఈసారి పెడతారు. నువ్వు తినకూడదు." ఫైలు ముందుకు తోశాడు. "మార్కాపురం నుంచి గిద్దలూరు దారిలో నల్లబండ చెరువు. పక్కనే పాడుబడ్డ పలకల గని. క్రౌస్ అనే విదేశీ ముఠా నాయకుడు ఓడలో తెచ్చిన పాదరసం చెత్తనంతా ఆ గనిలో పోయించాడు. వాన పడితే చెరువులోకే."

"చేపలు బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చింది కదా, సార్?"

"వేలెడు చేపల్ని పరీక్ష చేయించాడు, దొంగవెధవ! వేలెడు చేపను జానెడు చేప తింటుంది. అలాంటివి వేలకు వేలు తిని వాలుగ ముసలిదవుతుంది. ఒంట్లో చేరిన పాదరసం ఓ పట్టాన బయటికి పోదు. ఉడికించినా పోదు. చేప ఎంత పెద్దదైతే అంత విషం. మనలాంటి వాళ్లకు ఒక ముద్దతో ఏమీ కాకపోవచ్చు. కడుపులో బిడ్డ సంగతి వేరు."

ఆదివారం చెరువు మీద గాలాల పోటీ. గెలిచిన చేపను ఇరవై ఒక్కమంది గర్భిణులకు సామూహిక సీమంతంలో వడ్డిస్తారు. ఆ ఫొటోలు పేపర్లో పడితే విచారణ ఆగిపోతుంది, రెండో ఓడ దిగుతుంది. అదీ క్రౌస్ ప్లాన్.

"అక్కడ మన మనిషి ఎవరైనా ఉన్నారా?"

"క్రౌస్ సెక్రటరీ మహాలక్ష్మి. మనకూ పనిచేస్తుంది, వాడికీ పనిచేస్తుంది. నిజానికి ఎవరి మనిషో దేవుడికే తెలియాలి."

*

ఆదివారం మధ్యాహ్నం ఏజెంట్ ఉమామహేశ్వర్లు పందిట్లో విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. రిటైరైన ఫిషరీస్ ఆఫీసరు వేషం, పెట్టుడు మీసం, భుజాన కండువా. పోటీకి ఆయనే జడ్జి. పద్నాలుగు కిలోల ముసలి వాలుగకు తన చేత్తోనే మొదటి బహుమతి ఇచ్చాడు.

ఉదయమే అంతా తలకిందులైంది. ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్లజోడు, అత్తరు వాసన. నవ్వుతూ దగ్గరికొచ్చిన మహాలక్ష్మి అతని జేబులోంచి పెద్ద చేపల అసలు లాబ్ రిపోర్టు లాగి క్రౌస్ చేతికిచ్చింది. ట్రాన్స్‌మిటర్ దాచిన ముక్కుపొడి డబ్బాను క్రౌస్ అక్కడే బద్దలు కొట్టాడు. పొడంతా కండువా మీద ఒలికింది.

ఇప్పుడు క్రౌస్ ఎదుటి వరసలో శ్రీశైలమ్మ వెనక నిలబడ్డాడు, చేతి మీద మడతపెట్టిన తువ్వాలుతో. దాని కింద సైలెన్సర్ పిస్టల్. నోరు విప్పితే శ్రీశైలమ్మ ఉండదు. ముద్ద నోట పెట్టుకుంటే అందరూ తింటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నాలుగు రోజులు అతనికి అన్నం పెట్టిన ఇల్లు ఆ శ్రీశైలమ్మది. ఎనిమిదో నెల. మూడు కాన్పులు పోయాక నిలిచిన కడుపు.

"తినన్నా," అంది ఆమె నవ్వుతూ. "నువ్వు ముద్ద పెట్టుకోందే మాకు లేదంట. ఆకలయితాండాది."

ఎన్నో దేశాల జైళ్లలోంచి బయటపడ్డవాడు ఒక అరిటాకు ముందు ఇరుక్కుపోయాడు.

"ఏంది నాయనా, చూస్తాండావు? పులుసు చల్లారిపాయె," అంది పెత్తనం చేస్తున్న ముసలమ్మ మాలకొండమ్మ. "పెద్దమనిషి ముట్టినాకనే ఆడబిడ్డలు ముట్టాల."

"ఈట్, జడ్జిగారూ," అన్నాడు క్రౌస్ తీయగా.

మహాలక్ష్మి వంగి అతని విస్తట్లో వాలుగ తలకాయ వడ్డించింది. అతను చెమట తుడుచుకునేవాడిలా కండువాను ముక్కుకు అదిమి గట్టిగా పీల్చి, విసురుగా దులిపాడు. ముద్ద కలిపి పైకెత్తాడు.

"హాఛ్!"

పందిరి దద్దరిల్లింది. ఇరవై ఒక్క చేతులు ఆగిపోయాయి.

"ఒంటి తుమ్ము!" మాలకొండమ్మ గుండెలు బాదుకుంది. "శుభమా అని సీమంతం జేసుకుంటాంటే! ఎవరూ ముట్టబాకండి!"

క్రౌస్ ముఖం ఎర్రబడింది. "వాట్ ఈజ్ దిస్?"

అతనికి అర్థం కాలేదు. మహాలక్ష్మికి అయింది. దులిపిన పొడి ఆమె ముక్కుకూ తగిలింది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఇంకొక్క తుమ్ము పడితే జంట తుమ్ము, దోషం పోయినట్లే, అందరూ మళ్లీ కూర్చుంటారు. ఉమామహేశ్వర్లు ఆమె వైపే చూశాడు.

ఆమె కళ్లజోడు తీసింది. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగినా వదల్లేదు.

"ఆచారం, సార్. ఫైవ్ మినిట్స్," అంది ముక్కుతో.

"లేయండమ్మా. లోపలికి పోయి ఇన్ని నీళ్లు తాగి రాండి," అంది మాలకొండమ్మ. శ్రీశైలమ్మ నడుం పట్టుకుని లేచి వెళ్లింది. క్రౌస్ పిస్టల్ ఎదుట ఖాళీ విస్తరి మిగిలింది.

ఉమామహేశ్వర్లుకు కావాల్సింది అదే. పులుసు గిన్నె క్రౌస్ ముఖాన పడింది. మహాలక్ష్మి మోచేతి దెబ్బకు పిస్టల్ పందిరి అవతల పడింది. అప్పుడే గిద్దలూరు పోలీసు జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది.

"రిపోర్టు వాడికెందుకిచ్చావు?" అన్నాడతను రొప్పుతూ.

"వాడు నన్ను నమ్మాల గదా! నకలు పొద్దున్నే పోలీసులకు పంపించినా. మాదీ ఈ పక్క ఊరే."

వాలుగను ఒక్క ముక్క కూడా వదలకుండా సీలు వేశారు. మాలకొండమ్మ పప్పు, చారు వండించింది. శ్రీశైలమ్మ రెండుసార్లు వడ్డించుకుంది.

సంకెళ్లతో క్రౌస్‌ను జీపెక్కించారు. ఉమామహేశ్వర్లు ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజిన్ స్టార్టయింది. అప్పటిదాకా ఆపుకుని జీపు పక్కనే నిలబడ్డ మహాలక్ష్మి ఇక ఆపుకోలేకపోయింది.

"హాఛ్!"

ఒక్కటే. పోలీసు డ్రైవరు ఇంజిన్ ఆపేశాడు.

"దిగండి సార్," అన్నాడు. "నీళ్లు తాగి పోదాం."