నా కోడలికి వినబడుతుంది

పొద్దున్నే కుట్టుమిషను ఈడుస్తున్న చప్పుడుకి కొడుకు ఉలిక్కిపడి లేచాడు. పెద్దావిడ ఒక్కతే దాన్ని ముందు గదిలోంచి నెట్టుకొచ్చి కోడలి మంచం పక్కన పెట్టింది. చెమట తుడుచుకుని సూదిలోకి దారం ఎక్కించసాగింది.

"ఏంటమ్మా ఇది? గొడవ చెయ్యొద్దన్నారు కదా ఆసుపత్రిలో!"

"గొడవ లేకుండా మేమిద్దరం ఏనాడు బతికాం రా?"

అది మాత్రం నిజం. కోడలు బట్ట కోసేది, అత్త కుట్టేది. కుట్లలోకి ఎంత బట్ట వదలాలన్న దగ్గర రోజూ యుద్ధమే. పిసినారివని అత్త దెప్పితే, మీదంతా చాదస్తమని కోడలు కత్తెర టకటకలాడిస్తూ మరీ వాదించేది. కిందటేడు బండి గుద్ది తలకి దెబ్బ తగిలాక ఆ నోరు మూతపడింది. కళ్లు తెరుస్తుంది, మూస్తుంది, అంతే. పిలిస్తే పలకదు, గిల్లినా కదలదు. మెదడు చాలావరకు దెబ్బతిందని, ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు చెప్పేశారు.

పెద్దావిడ ఆశ సంగతి పక్కన పెట్టినా తగువు మాత్రం మానలేదు. రోజూ మంచం మీద బట్ట పరిచేది, ఏదో ఒకటి అనేది, జవాబు కోసం ఆగేది.

"సాయంత్రం వాళ్ల వ్యాను వస్తుంది," అన్నాడు కొడుకు గోడవైపు చూస్తూ. "ఇలాంటివాళ్లని చూసుకునే చోటు ఒకటుంది. మాట్లాడేశాను. ఇక నావల్ల కాదమ్మా. అక్కడున్నది నా పెళ్లాం కాదు, ఒట్టి శరీరం."

"నోర్ముయ్! దాని ఎదురుగా అంటావా ఆ మాట?"

"తనకేం తెలుస్తుందని?"

"తెలియదని నీకెవరు చెప్పారు?"

"స్కాను చెప్పింది."

"స్కానుకి నా కోడలి నోటి సంగతేం తెలుసు? రానీ ఆ వ్యాను! గుమ్మానికి అడ్డంగా పడుకుంటా. నన్ను తొక్కి తీసుకుపో!"

ఎండెక్కేసరికి డాక్టరమ్మ వచ్చింది. తలకి గట్టి దెబ్బలు తగిలి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నవాళ్ల మీద ఆమె పరిశోధన. ఒంట్లో కదలిక లేకపోయినా లోపలి మనిషి వింటోందేమో కనిపెట్టాలి. పెద్దావిడ కొడుకుతో పోట్లాడి మరీ దీనికి సంతకం పెట్టించింది.

డాక్టరమ్మ కోడలి తలకి, మెదడు పనిని తెర మీద గీతలుగా చూపే తీగల టోపీ తొడిగింది. "కుడిచెయ్యి మూసి తెరుస్తూ ఉండండి... ఇప్పుడు ఆపండి," అని మెత్తగా చాలాసార్లు చెప్పింది. తెర మీది గీతలు ఏ మార్పూ లేకుండా సాగాయి. చూశావా అన్నట్టు కొడుకు తల్లివైపు తిరిగాడు.

"ఆమెకి బాగా అలవాటైన పని చెప్పి చూద్దాం," అంది డాక్టరమ్మ. "మీరే చెప్పండమ్మా. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే."

పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమే! నేను కోస్తే వంకరపోతుందన్నావుగా? పట్టు కత్తెర! కోయి మరి, కోస్తూనే ఉండు... చాల్లే, ఆపు!"

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. మళ్లీ చెప్పమంది, మళ్లీ మళ్లీ చెప్పించింది. పోల్చి చూడ్డానికి మధ్యలో ఊసుపోని కబుర్లూ చెప్పించింది. తర్వాత లెక్కలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది.

"వింటున్నారు," అంది చివరికి. "కోయమన్నప్పుడు కోయడానికి ప్రయత్నిస్తున్నారు, ఆపమంటే ఆపుతున్నారు. చెయ్యే మాట వినడం లేదు. నయమవుతుందని నేను మాటివ్వలేను. కానీ మనిషి లోపలే ఉన్నారు."

"వింటూనే ఉన్నావుటే?" పెద్దావిడ మంచం మీదికి వంగింది. "ఇన్నాళ్లూ నన్నొక్కదాన్నే అరవనిచ్చావా, రాక్షసీ!" అంటూ కోడలి బుగ్గకి బుగ్గ ఆనించి భోరుమంది.

కొడుకు కదల్లేదు. వినడమంటే అన్నీ వినడమే కదా. పొద్దుటి మాటా వింది. ఇదే గదిలో కూర్చుని ఫోనులో తను ఆడిన బేరమూ వింది.

"అక్కడేం నిలబడ్డావు? ఇలా రా," అంది తల్లి. "ఇందాక నాతో అన్నది ఇప్పుడు దానితో చెప్పు."

అతను మంచం పక్కన కూలబడ్డాడు. భార్య చెయ్యి కళ్లకి అద్దుకున్నాడు. "నిన్ను ఒక్కమాట కూడా అడగలేదే నేను," అన్నాడు.

కాసేపటికి లేచి ఫోను తీశాడు. అలవాటు కొద్దీ గుమ్మం దాటి బయటికి వెళ్లబోయాడు. మళ్లీ వెనక్కి వచ్చి, ఆమె పక్కనే కూర్చుని, వ్యాను రావద్దని ఆమెకి వినబడేలా చెప్పాడు.