అలిగిన ఉపగ్రహం

ఉపగ్రహ ఇంజనీర్ గిల్బర్టో పొద్దున్నే తన కారులో శవమై దొరికాడు. మధ్యాహ్నానికల్లా ఏజెంట్ ఎలోయ్ మొండ్రగోన్ న్యూ మెక్సికో కొండమీది ప్రయోగశాల ముందు పచ్చిమిరపకాయలు కాల్చేవాడి వేషంలో ఇనుప పీపా తిప్పుతున్నాడు. కోతల కాలం. ఆ వాసనకు గేటు కాపలావాళ్ళే లేచొచ్చి సంచులు పట్టారు. ఎలోయ్ కూడా ఒక్క క్షణం మురిసిపోయాడు. భార్య ఆన్సెల్మాకు ఈ వాసనంటే ప్రాణం. పెళ్ళయి నెల కాలేదు.

చెవిలోని బుల్లి రేడియో పలికింది. చీఫ్.

"మీ ఆవిడ మన పనిమీద శత్రువుల మధ్య దాక్కుని ఉంది. మన ఉపగ్రహం నెత్తిమీదికి రాగానే దాన్ని పిలుస్తుంది. దాని సర్క్యూట్లు నేల మీంచే మార్చుకోవచ్చు కదా, ఆ ప్రయోగశాలలోనే ఎవరో మార్చేశారు. ఆమె పిలిస్తే అది బదులు పలికి, ఆమె ఉన్న చోటు శత్రువులకు చెప్పేస్తుంది."

"పిలవద్దని చెప్పండి."

"చెప్పే దారి ఆ ఉపగ్రహమొక్కటే."

కాపలావాళ్ళు సంచులు నింపుకుంటుండగా ఎలోయ్ సెగలు కక్కే సంచి భుజాన వేసుకుని కంట్రోల్ రూమ్ వైపు నడిచాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ముసలి ఇంజనీర్ రమోనా, ఎర్రగౌను ఆపరేటర్ ఐవెట్.

"ఉపగ్రహంలోని సర్క్యూట్ మూడు కాపీలదీ ఒకటే మాట. ఒక్క తప్పూ లేదు," అంది ఐవెట్ తీయగా.

"దక్షిణ అట్లాంటిక్ మీదుగా వచ్చి ఒక్క దెబ్బా తినలేదా? అక్కడి రేడియేషన్‌కు రోజూ ఏదో ఒక కాపీ చెడుతుంది, మిగతా రెండూ దాన్ని దిద్దుతాయి. నాకు దొంగ రిపోర్టు చూపిస్తున్నావే పిల్లా."

ఐవెట్ చేతిలో పిస్తోలు మెరిసింది. "గిల్బర్టో కూడా ఇదే అడిగాడు, అమ్మమ్మా. మూడూ నేనే మార్చాను. మొత్తం ఆపే ఆజ్ఞకు తాళం వేశాను. ఉన్న టైములో నువ్వు దిద్దగలిగేది ఒక్కదాన్నే. మిగతా రెండూ కలిసి దాన్నీ నా దారికే తెస్తాయి."

ఎలోయ్ లోపలికి దూకి సంచిలోని వేడి మిరపకాయలు ఐవెట్ చేతిమీద కుమ్మరించాడు. పిస్తోలు జారిపడింది. ఆమెను కుర్చీకి అదిమిపట్టి అరిచాడు, "కానివ్వండమ్మా."

రమోనా వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. "ఒకటి దిద్దాను. లాభంలేదు నాయనా. దానికి ఎదురు రెండు ఓట్లు."

తెరమీద ఉపగ్రహపు చుక్క ఆన్సెల్మా ఉన్న లోయ అంచుకు చేరుతోంది. ఎలోయ్ దానిమీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఆ రెంటిలో ఒకదాని కరెంటు తీసేయగలరా?"

"తీస్తే ఒకటికి ఒకటి. ఎటూ తేలక రేడియో మూసుకుంటుంది."

"మూసుకోనివ్వండి."

రమోనా మీట నొక్కింది. చుక్క లోయ మీదికి వచ్చింది. ఆకాశం మూగబోయింది.

తర్వాత రెండు రోజులు ఎలోయ్ ముద్ద మింగలేదు. మూడోనాడు సరిహద్దు ఊరి నుంచి ఫోన్.

"ఎంత పిలిచినా మీ ఉపగ్రహం పలకలేదు. కొండలన్నీ కాళ్ళతో దాటాను. దానికేమొచ్చింది?" ఆన్సెల్మా గొంతులో మంట.

ఎలోయ్ కళ్ళు తుడుచుకున్నాడు. "అలిగింది."

"ఎవరి మీద?"

"దానిమీద అదే."

"బాగుంది. నేను మాత్రం నీ మీదే."