అక్క బతికున్న నవలలు

ప్రూఫుల కట్ట తల్లి బల్లమీద పడేసి, "ఆఖరి అధ్యాయం తీసెయ్యి. లేకపోతే ఈ గడప మళ్ళీ తొక్కను" అంది కూతురు. నాలుగింటికి ప్రెస్సు మనిషి ఆ కట్ట కోసం వస్తాడు. అప్పటికే మూడున్నరయింది!

తల్లి పందొమ్మిది అంతరిక్ష నవలలు రాసిన మనిషి. రెండు సూర్యుళ్ళున్న లోకాలనూ, రెక్కల గుర్రాలనూ సృష్టించి పాఠకులకు నిద్రాహారాలు లేకుండా చేసింది. అన్నిటికీ నాయిక ఒక్కతే. మొదటి నవలలో అయిదేళ్ళ పాప, ఇప్పుడు నక్షత్ర నౌకకు కెప్టెన్. చదివేవాళ్ళకు అదంతా కల్పన. ఆ నాయిక ఎవరో ఇంట్లోవాళ్ళకే తెలుసు... నాలుగేళ్ళు నిండగానే జ్వరంతో కన్నుమూసిన పెద్దపిల్ల!

ఆ తర్వాత పుట్టిన చిన్నది అక్కను చూడనైనా చూడలేదు. అయినా తన బతుకులో అక్కకు వాటా పంచక తప్పలేదు. తనకు పన్ను ఊడితే మరుసటి నవలలో ఆ పాపకూ ఊడేది. తను సైకిలు మీంచి పడితే ఆ పాప గుర్రం మీంచి పడేది. హైస్కూలు రోజుల నుంచీ ప్రూఫులు దిద్దేది తనే కాబట్టి, ఆ దొంగసొత్తంతా తన చేతులమీదుగానే అచ్చుకు వెళ్ళేది. ఉడుక్కునేది, నవ్వేది, ఊరుకునేది. ఈసారి మాత్రం ఒళ్ళు మండిపోయింది. కిందటేడు తనకు కడుపు పోయిన సంగతి భర్త తర్వాత అమ్మకొక్కదానికే చెప్పుకుంది. ఆసుపత్రి మంచం, బీరువాలో దాచుకున్న పసుపు ఉన్ని ఉండతో సహా అదంతా ఇప్పుడు కెప్టెన్ కథయి కూర్చుంది!

"నీకు రాసుకోడానికి నేను తప్ప ఎవరూ దొరకలేదా అమ్మా?"

తల్లి కట్టలోంచి ఆఖరి అధ్యాయం బయటికి తీసింది.

"అది నా దగ్గర నాలుగేళ్ళే ఉందే... ఆ పైన ఆడపిల్ల ఎలా పెరుగుతుందో నాకేం తెలుసు? నిన్ను చూసి నేర్చుకున్నాను. నువ్వు లేకపోతే దానికి అయిదో ఏడే వచ్చేది కాదు."

అంతకుమించి వాదించలేదు. ఎర్ర పెన్సిలు తీసి మొదటి పేజీ అడ్డంగా కొట్టేసింది. రెండోదీ కొట్టేసింది. ఆపకుండా కొట్టేస్తూ పోయింది. కన్నకూతుర్ని మరోసారి సాగనంపుతున్నట్టే ఉంది ఆమె ముఖం.

చివరి పేజీ పైకి వచ్చింది. కోపంలో కూతురు అంతదాకా చదవనేలేదు. అందులో కెప్టెన్ ముఖం కడుక్కుని, ఎవరితోనూ ఏమీ అనకుండా మూడోరోజుకే నౌక నడపడానికి వెళ్ళిపోతుంది. తనూ అంతే, మూడోరోజు ఆఫీసుకు వెళ్ళింది. గట్టిదానివని మొగుడు మెచ్చుకున్నాడు కూడా. ఇన్నేళ్ళూ తన బతుకు దోచుకుంటోందని అనుకున్న అమ్మ, తను పడ్డవన్నీ తనతోపాటే పడిందని కూతురికి అప్పుడు తోచింది.

పెన్సిలు కదలకుండా కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఉంచెయ్యమ్మా. కానీ అక్కని ఏడవనీ... నేను ఏడవలేకపోయాను."

గుమ్మంలో గంట మోగింది. ప్రెస్సు మనిషిని వరండాలో కూర్చోమని కేకేసి, తల్లి తెల్లకాగితం ముందుకు లాక్కుంది. ఒక్క వాక్యమైనా పూర్తికాకముందే కూతురు ఆమె ఒళ్ళో తలపెట్టి భోరుమంది. తల్లి ఎడమచేత్తో ఆ తల నిమురుతూ, కుడిచేత్తో రాస్తూనే ఉంది.